ఆల్టోకు హౌసింగ్ ఎక్కడుంది?

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గరైనా ఆగి బొలేరో డ్రైవర్‌ని పలకరించండి. హౌసింగ్ ఆయిల్ ఎప్పుడు మార్పించాడో, ఎంత పట్టిందో తడుముకోకుండా చెబుతాడు. బండి కింద వెనక ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపించే ఇనుప డొక్కే ఆ హౌసింగ్. రోజూ కంటబడుతుంది కాబట్టి మరిచిపోడు. అదే ఆల్టోనో వ్యాగన్ఆర్‌నో నడిపే ఆయన్ని అడగండి. "మా బండికి హౌసింగ్ ఎక్కడిదండీ?" అంటాడు. వంగి చూసినా వెనక చక్రాల మధ్య అలాంటిదేమీ కనిపించదు మరి.

ఉంది. కాకపోతే వెనక కాదు, ముందు. బానెట్ కింద, గేర్‌బాక్స్ పొట్టలోనే డిఫరెన్షియల్ కూర్చుని ఉంటుంది. చాలా చిన్న మాన్యువల్ కార్లలో గేర్లకూ దానికీ కలిపి ఒకటే నూనె, అంతా కలిపి సుమారు రెండు లీటర్లు. ఇంజన్ ఆయిల్ ఏడాదికోసారి తప్పకుండా మార్పించేవాళ్లలో కూడా ఎందరో ఈ రెండు లీటర్ల జోలికి కారు అమ్మేదాకా పోరు. మంచి తారు రోడ్ల మీదే తిరిగే కారుకు అది కొన్నేళ్లు చెల్లుతుంది. ఖమ్మం దాటి అడవి అంచులోకి వచ్చాక అలా చెల్లదు. వాగులు, బురద, ఘాట్ మలుపులు, 45 డిగ్రీలను తాకే మే నెల ఎండ, అన్నిటి దెబ్బా చివరికి ఆ నూనె మీదే పడుతుంది.

అసలు డిఫరెన్షియల్ ఎందుకో మారేడుమిల్లి ఘాట్‌లో బాగా తెలుస్తుంది. భద్రాచలం నుంచి చింతూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డు వెళ్లిన వైపుకే మళ్లీ తిరిగొచ్చే మలుపులు తగులుతాయి. చిన్న కారుకు కుడి ఎడమ చక్రాల మధ్య ఎడం సుమారు 1.4 మీటర్లు. అలాంటి అర్ధవలయపు మలుపు ఒకటి తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కన్నా నాలుగు మీటర్లకు పైగా ఎక్కువ దూరం దొర్లాలి. ఎడాన్ని 3.14తో హెచ్చిస్తే వచ్చే లెక్క ఇది. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా పెద్దగా మారదు, మలుపు ఎంత కోణం తిరిగిందన్నదే ముఖ్యం. చిన్న కారు టైరు ఒక చుట్టుకు సుమారు 1.75 మీటర్లు పోతుంది. అంటే ప్రతి మలుపులోనూ బయటి చక్రం రెండు చుట్లకు పైగా అదనంగా తిరిగి తీరాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఆ రెండు చుట్ల తేడా ఎక్కడికి పోతుంది? టైరు రోడ్డుకు రాసుకుని అరగాలి, లేదా షాఫ్టు మెలిపడాలి. ముందు చక్రాలే బండిని లాగే కారులో అయితే స్టీరింగే తిరగనని మొరాయిస్తుంది.

ఈ చిక్కును 1827లో ఒనెసిఫోర్ పెకూర్ అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు విడదీశాడు. పెట్రోలు కారు ఇంకా పుట్టలేదు. ఆయన ఆలోచించింది ఆవిరి బండి కోసం. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ అమరిక పెద్దగా మారలేదు. గేర్‌బాక్స్‌లోంచి వచ్చే చిన్న పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ని తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు ఒక ఉక్కు గూడు బిగించి ఉంటుంది. ఆ గూడుకు అడ్డంగా ఒక పిన్ను, దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న స్పైడర్ గేర్లు. వాటి పళ్లు కుడి ఎడమల ఉన్న మరో రెండు గేర్లతో కలిసి ఉంటాయి. ఆ రెండింటి నుంచే చక్రాలకు డ్రైవ్ షాఫ్టులు వెళతాయి. కారు తిన్నగా పోతున్నంతసేపూ గూడు, పిన్ను, గేర్లు అన్నీ ఒకే ముద్దగా తిరుగుతాయి. స్పైడర్ గేర్లు పిన్ను మీద కదలనే కదలవు. మలుపు రాగానే అవి పిన్ను మీద నెమ్మదిగా దొర్లి, లోపలి చక్రం నుంచి తగ్గించిన చుట్లను బయటి చక్రానికి చేరుస్తాయి. రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడూ క్రౌన్ వీల్ వేగానికి సమానం. ఈ సూత్రం గుర్తుపెట్టుకుంటే బురద సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల కాలంలో మన దగ్గర కారు అంటే వెనక చక్రాలు తోసేదే. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కాక పరిస్థితి మారింది. ఇంజన్‌ని అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ ఒకే పెట్టెలో ఇమిడ్చి, ముందు చక్రాలతో లాగించే పద్ధతి మన ఇళ్ల ముందుకొచ్చింది. బయటి ప్రపంచంలో దీనికి బాట వేసింది 1959 నాటి మినీ. అలెక్ ఇసిగోనిస్ అందులో గేర్‌బాక్స్‌ను ఇంజన్ అడుగునే పెట్టి మూడింటికీ ఇంజన్ ఆయిలే పోయించాడు. 1964లో ఇటలీలో డాంటే జాకోసా ఆటోబియాంకి ప్రిములా కోసం గేర్‌బాక్స్‌ను ఇంజన్ పక్కన వరసగా చేర్చి, దానికి వేరే నూనె ఇచ్చాడు. ఈరోజు మనం నడిపే స్విఫ్ట్, ఐ10, టియాగో అన్నీ జాకోసా దారివే. ఒమ్ని, ఈకో మాత్రం మారుతివే అయినా వెనక చక్రాల బళ్లు, వాటికి హౌసింగ్ వేరు, నూనె వేరు.

ఇంజన్ అడ్డంగా ఉండటం వల్ల నూనెకు ఒక పెద్ద వెసులుబాటు దొరికింది. బొలేరోలో ఇంజన్ తిప్పే తిప్పుడు పొడవాటి షాఫ్టు మీద వెనక్కి వచ్చి, అక్కడ తొంభై డిగ్రీలు మళ్లి చక్రాలకు వెళ్లాలి. ఆ మళ్లింపు చేసే హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, బలంగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి నూనె పొర చిట్లిపోతుంది. అందుకే దానికి జీఎల్-5 రకం నూనె కావాలి. అందులోని గంధకం, భాస్వరం సమ్మేళనాలు పళ్లు వేడెక్కిన చోట ఉక్కుతో రసాయన చర్య జరిపి పలుచని పొర కడతాయి, రాపిడిలో ఉక్కుకు బదులు ఆ పొర అరుగుతుంది. ఆల్టోలో ఇంజన్, ఇరుసు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి మళ్లింపు అక్కర్లేదు. ఏటవాలు పళ్ల మామూలు గేర్లు సరిపోతాయి. అందుకే చాలా ముందు చక్రాల మాన్యువల్ బాక్సులకు జీఎల్-4 చాలు.

చాలు అనడమే కాదు, అదే మేలు. కారణం సింక్రో రింగులు. గేరు మార్చేటప్పుడు రెండు గేర్ల వేగాలను కలిపేవి ఆ ఇత్తడి రింగులే. అవి గేర్లను పట్టుకోవాలంటే కొంచెం రాపిడి ఉండాలి. మరీ జారుడు నూనె పోస్తే పట్టు దొరక్క గేరు గరగరమంటుంది. జీఎల్-5లో చురుకైన గంధకం ఎక్కువ ఉన్న పాత రకాలు వేడిలో ఇత్తడినే తినేస్తాయి. ఇప్పటి మంచి కంపెనీల జీఎల్-5 అంత హాని చేయకపోవచ్చు గానీ రాపిడి సమస్య మాత్రం ఉండనే ఉంటుంది. షెడ్డులో ఒకే డబ్బాలోంచి "90 ఆయిల్" అని బొలేరోకూ ట్రాక్టరుకూ ఆల్టోకూ పోసే అలవాటు మనవైపు ఇంకా పోలేదు. ఆ 90 అన్నది చిక్కదనం గుర్తు, రకం గుర్తు కాదు. డబ్బా మీద 75డబ్ల్యూ-90 అని ఉంటే వంద డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో, గడ్డకట్టే చలిలో ఎంత పలచగా ఉండగలదో అది చెబుతుంది. జీఎల్-4 అవునా కాదా అన్నది విడిగా చూడాలి. కొత్త మోడళ్లలో కొన్నింటికి ఇంకా పలచని నూనె రాసి ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏముంటే అదే పోయించాలి, షెడ్డులో ఏముంటే అది కాదు.

ఇప్పుడు బురద. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు ఊళ్లలోకి వెళ్లే మట్టి దారులు మొదటి రెండు వానలకే మెత్తబడతాయి. కారు ఎడమ చక్రం దిగబడిందనుకోండి, కుడి చక్రం గట్టి నేల మీదే ఉంది. అయినా బండి కదలదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. బురదలోని చక్రం ఎంత తక్కువ బలం పట్టగలదో గట్టి నేల మీది చక్రానికీ అంతే అందుతుంది. వేగం విషయంలో మాత్రం సమానం లేదు. ఒక చక్రం ఆగిపోతే రెండోది క్రౌన్ వీల్ కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతుంది. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచే రీడింగు తీసుకునే కార్లలో ముల్లు 40 చూపిస్తుంటే, బురదలో గిరగిర తిరిగే చక్రం వేగం 80 అన్నమాట.

ఆ సమయంలో లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఘాట్ మలుపులో రెండు చుట్ల తేడా సర్దడానికి పిన్ను మీద ఒళ్లు కదిలించే స్పైడర్ గేర్లు ఇప్పుడు నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతాయి. వాటికి బాల్ బేరింగులు ఉండవు. ఉక్కు గేరు ఉక్కు పిన్ను మీద నేరుగా తిరుగుతుంది, వెనక ఒక పలుచని వాషరు మాత్రం ఉంటుంది. క్రౌన్ వీల్ తిరుగుతూ చిమ్మిన నూనె గూడు సందుల్లోంచి ఎంత లోపలికి పోతే అంతే తడి. నెమ్మదిగా దొర్లడానికి ఆ తడి చాలు, వందల చుట్లకు చాలదు. కాసేపటికే పిన్ను నీలంగా కమిలి, గేరు దాన్ని పట్టేసి, లోహం లోహానికి అంటుకుని చిరుగుతుంది. నూనె పాతదై, మట్టమూ తగ్గి ఉంటే అది ఇంకా త్వరగా జరుగుతుంది. అదృష్టం బాగాలేక ఆ పిన్ను విరిగితే గేర్‌బాక్స్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. బురదలో రేస్ ఇచ్చి, పొగలు కక్కించి, ఎలాగో బయటపడ్డ కారు ఆ తర్వాత వేల కిలోమీటర్లకు డిఫరెన్షియల్ శబ్దం మొదలుపెడితే ఎవరికీ ఆ బురద గుర్తుకు రాదు.

జీపు, బొలేరో డ్రైవర్లకు ఒక చిట్కా తెలుసు. దిగబడినప్పుడు హ్యాండ్ బ్రేకు కొద్దిగా లాగి పట్టుకుని నెమ్మదిగా ఆక్సిలరేటర్ తొక్కితే, తిరిగిపోయే చక్రానికి అడ్డు పడి గట్టి నేల మీది చక్రానికి కొంత బలం చేరుతుంది. అది ఆల్టోలో పనిచేయదు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను, లాగేవి ముందు చక్రాలు. ముందు చక్రాల కారులో చేయాల్సింది వేరు. దిగగానే ఆక్సిలరేటర్ వదిలేయాలి. చక్రం ముందు బురద తీసి రాళ్లో కొమ్మలో వేయాలి. స్టీరింగు తిన్నగా పెట్టి రెండో గేరులో మెల్లగా కదిలించాలి. వాగు గట్టు ఎక్కలేక జారుతుంటే రివర్స్‌లో ఎక్కించి చూడటం ఉత్తమం. గట్టు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరిగి ముందు చక్రాల పట్టు పోతుంది. రివర్స్‌లో ఆ బరువు, దానికి తోడు ఇంజన్ బరువు, లాగే చక్రాల మీదే ఉంటాయి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కొత్త కార్లు జారే చక్రానికి వాటంతటవే బ్రేకు వేసుకుంటాయి. వాటికీ ఓపిగ్గా తొక్కే కాలు కావాలి.

బురద కన్నా మోసకారి నీళ్లు. ఈ జిల్లాల వాళ్లకు వరద కొత్త కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. గోదావరి నిండితే కూనవరం దగ్గర కలిసే శబరి వెనక్కి తన్ని చింతూరు రోడ్డును ముంచుతుంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం పట్టణంలోకే వచ్చి, లోతట్టు కాలనీల్లో ఇళ్ల ముందు నిలిపిన కార్లను ముంచేసింది. నీరు తగ్గాక అందరూ ఇంజన్ గురించీ సీట్ల గురించీ అడుగుతారు. గేర్‌బాక్స్ ప్రశ్న వెనక ఎక్కడో వస్తుంది.

నీళ్లు అందులోకి ఎలా పోతాయి? గేర్‌బాక్స్ పైభాగాన బ్రీదర్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తే సీళ్లు తన్నుకుపోకుండా ఆ గాలి బయటికి పోవడానికి. చాలాదూరం నడిచిన బాక్సు లోపల 90 డిగ్రీల వేడి ఉందనుకుందాం. ఆ కారు చప్టా మీద పారే 30 డిగ్రీల వాగు నీళ్లలోకి దిగింది. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి దాదాపు ఆరో వంతు కుంచించుకుంటుంది. ఆ ఖాళీని పూరించడానికి బ్రీదర్ నుంచి ఏది దొరికితే అది లోపలికి వస్తుంది. బ్రీదర్ మునిగి ఉంటే వచ్చేది నీళ్లే. లోపల ఖాళీ జాగా లీటరున్నర ఉంటే పావు లీటరు నీళ్లు పీల్చుకునే అవకాశం ఉంది. బ్రీదర్ మునగకపోయినా దానికి బురద కట్టుకుని మూసుకుపోతే అదే పీడనం డ్రైవ్ షాఫ్టు సీళ్ల మీద పడుతుంది. సీలు పెదవి లోపలి నూనెను ఆపడానికి లోపలివైపు తిరిగి ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఒత్తిడికి అది విచ్చుకుంటుంది. చల్లబడిన కారు కన్నా ఇప్పుడే నడిచి వచ్చిన వేడి కారు వాగులో ఎక్కువ నష్టపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఎక్కువ దూరం నడిచాక చప్టా మీద నీళ్లు కనిపిస్తే, దాటక తప్పదనుకున్నా, కాసేపు ఆపి బాక్సును చల్లారనివ్వడం మంచిది. పారే నీటిలోకి బండి దించకపోవడం అంతకన్నా మంచిది.

నీరు ఎంత కొంచెమైతే ప్రమాదమో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నూనెలో నీటి శాతం 0.01 నుంచి 0.04కి పెరిగితే బేరింగుల ఆయుష్షు సగానికి పైగా తగ్గుతుందని 1970లలో టేపర్ రోలర్ బేరింగుల మీద జరిపిన పరీక్షలు చూపించాయి. రెండు లీటర్ల నూనెలో 0.04 శాతం అంటే ఒక మిల్లీలీటరు కూడా కాదు. ఇక పావు లీటరు చేరితే గేర్లు దాన్ని చిలికి పాలు కలిపిన కాఫీ రంగు ముద్ద చేస్తాయి. ఆ ముద్దకు ఉక్కును విడదీసి ఉంచే శక్తి ఉండదు. కారు నాలుగు రోజులు నిలబడితే బేరింగు గోళీల మీద తుప్పు చుక్కలు పడతాయి. తర్వాత నూనె ఎంత మంచిది పోసినా ఆ గుంటలు పూడవు.

అందుకే మునిగిన కారును స్టార్ట్ చేయవద్దు, తాడు కట్టి లాగవద్దు. ముందు చక్రాలు దొర్లితే డిఫరెన్షియల్ తిరుగుతుంది, అడుగున నిలిచిన నీళ్లు నూనెలో కలిసిపోతాయి. ముందు చక్రాలు పైకెత్తి తీసుకెళ్లే క్రేను దొరికితే మంచిది. కదిలించకుండా డ్రెయిన్ నట్టు విప్పితే నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి ముందు నీళ్లే కారతాయి, తర్వాత నూనె. అప్పుడు కొత్త నూనె పోసి, కొద్ది దూరం నడిపి, మళ్లీ తీసేసి ఇంకోసారి పోయాలి. రెండోసారి వచ్చిన నూనె రంగు మారకుండా ఉంటే నీళ్లు పోయినట్టే.

ఆటోమేటిక్ కార్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. టార్క్ కన్వర్టర్ రకంలో క్లచ్ ప్లేట్ల మీద అతికించిన లైనింగు నీటికి ఊడిపోతుంది. ఏఎంటీలో మాత్రం లోపలిది మామూలు మాన్యువల్ బాక్సే, గేరు ఆయిలూ అదే తీరు, గేర్లు మార్చే పంపుకు మాత్రం వేరే ద్రవం. సీవీటీలో ఉక్కు బెల్టు పుల్లీల మధ్య జారకుండా పట్టుకోవాలి కాబట్టి దాని ద్రవం దానిదే, ఎర్రగా ఉంది కదా అని మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవం (ఏటీఎఫ్) పోస్తే బెల్టు పాడవుతుంది. కొన్ని పాత ఫోక్స్‌వాగన్ ఆటోమేటిక్‌లలో ముందు చక్రాల కారైనా డిఫరెన్షియల్‌కు విడిగా నూనె ఉండేది. ఏటీఎఫ్ ఒకప్పుడు అచ్చంగా రాతి నూనెతోనే అయ్యేది కాదు. అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల రక్షణకు ఆ నూనెను నిషేధించాక రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతకాల్సి వచ్చింది. ఒక జంతువు ప్రాణం దక్కాలంటే ఒక డబ్బాలోని పాళ్లు మారాలని తెలిసినప్పుడు నాకు ఈ విషయం మీద ఆసక్తి రెట్టింపయింది.

నూనె మార్చే పని పెద్దది కాదు గానీ క్రమం తప్పకూడదు. కారు సమంగా నిలబెట్టి, నూనె గోరువెచ్చగా ఉండగా మొదలుపెట్టాలి. ముందుగా విప్పాల్సింది పోసే నట్టును, కారే నట్టును కాదు. తుప్పు పట్టి పోసే నట్టు రాకపోతే నూనె పూర్తిగా తీసేసిన కారు షెడ్డులోనే ఉండిపోతుంది. చాలా బాక్సుల్లో కారే నట్టుకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తని బూడిదరంగు పేస్టు ఉంటే అది మామూలు అరుగుడు. వేలితో రుద్దితే గుచ్చుకునే పలుకులు, పంటి ముక్కలు కనిపిస్తే నూనె పోసి పంపించవద్దని మెకానిక్‌కు చెప్పండి. వాషరు కొత్తది వేయించి, పోసే రంధ్రం అంచు దాకా నూనె పోయించాలి. ఇన్ని కిలోమీటర్లకని పుస్తకంలో రాసిన లెక్క మంచి రోడ్లకు. కష్టమైన వాడకానికి వేరే పట్టిక అందులోనే ఉంటుంది. అడవి దారుల్లో, ఘాట్‌లలో, వాగుల్లో తిరిగే కారుకు ఆ రెండో పట్టికే వర్తిస్తుంది.

మధ్యలో చూడాల్సింది చక్రాల లోపలివైపు తడి. డ్రైవ్ షాఫ్టు గేర్‌బాక్స్‌లోకి దూరే చోట నూనె చెమ్మ ఉంటే సీలు పోతున్నట్టు. అర లీటరు కారిపోయినా డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగదు. పైనున్న షాఫ్టుల బేరింగులకు నూనె చేరక కూత మొదలయ్యాకే తెలుస్తుంది. వేగంతో పాటు పెరిగి, ఆక్సిలరేటర్ వదిలితే మారే కూత బేరింగులదో క్రౌన్ పినియన్‌దో. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే అది డ్రైవ్ షాఫ్టు జాయింటు, దాని రబ్బరు బూటు చిరిగి ఇసుక చేరినట్టు. దానిలోది గ్రీజు, గేర్ ఆయిల్‌తో సంబంధం లేదు.

తీసిన పాత నూనెను మట్టిలో పోయనివ్వకండి. చెదలు పట్టకుండా వాసాలకు పూసే అలవాటు మన ఊళ్లలో ఉంది, దానివల్ల లోహపు పొడి, గంధకం సమ్మేళనాలు వానతో ఇంటి చుట్టూ నేలలోకే దిగుతాయి. మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. పాల్వంచ షెడ్డు వెనక పారబోసిన డబ్బా కిన్నెరసానిలోకి, అక్కణ్ణుంచి గోదావరిలోకి పోవడానికి ఒక్క పెద్దవాన చాలు. పాత డబ్బాలోనే పోసి, మూత బిగించి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటరుకు అప్పగించమని మెకానిక్‌తో ముందే మాట్లాడుకోవాలి.